చేప మింగని ఓడ

మా వీధి అంగన్‌వాడీలో ముప్పై మంది పిల్లలకు చదువు మీద ఇష్టం పుట్టించానని టీ బడ్డీ దగ్గర చెబుతుంటాను. ముప్పై అన్నది రిజిస్టరులో ఉన్న సంఖ్య. వచ్చేది పదకొండు మంది. అందులో నలుగురు గుడ్డు తినేసి పడుకుంటారు. మిగిలిన ఏడుగురిలో ఒక పిల్ల చదువును నేను దాదాపు పాడుచేశాను. ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

నేనక్కడ చేరడమే అబద్ధంతో. పోర్టులోకి ఓడలు నడిపించిన వాణ్ణని టీచరుతో చెప్పాను. నిజానికి ఓడ మీంచి విసిరిన తాడు అందుకుని గట్టు మీది ఇనప గుంజకు తగిలించేవాణ్ణి. మా ఆవిడ పోయాక ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. టీచరుకేమో పిల్లల బరువులు తూచడం, ఫోన్లో ఫోటోలు పెట్టడంతోనే పొద్దు గడిచిపోతుంది.

"బాబాయ్ గారూ, రోజూ ఓ అరగంట పుస్తకం సదివి పెట్టండి సాలు. అక్షరాల కింద వేలెట్టి సదవాల. రోజూ ఒకేలా సదవాల. ఎవరు సదివినా ఆ గీతలు అదే మాట సెప్తాయని ఈళ్లకి ముందు తెలియాల. అది తెలిస్తే అక్షరాలు వాటంతటవే వచ్చీత్తాయి" అంది.

తలూపాను. పుస్తకానికి ఎనిమిది పేజీలు. పేజీకో బొమ్మ, కింద రెండు మాటలు. చేప ఈదింది. చేప ఆగింది. అలా. పోర్టు నుంచి ఎగిరొచ్చి అట్ట మీద పడే బొగ్గుమసి తుడిచి మొదలుపెట్టాలి.

మొదటిరోజు ఉన్నదున్నట్టే చదివాను. ఒకడు ఆవలించాడు. అంత చిన్నవాడు ఆవలిస్తే అంత అవమానంగా ఉంటుందని నాకు తెలియదు. రెండోరోజు చేప ఓడను మింగేసింది. మూడోరోజు ఆ ఓడ నడుపుతున్నది నేనే. నాలుగోరోజు చేప కడుపులో దీపం వెలిగించి అన్నం వండాను. వేలు మాత్రం బుద్ధిగా అక్షరాల కిందే నడిచేది. పిల్లలు దొర్లి దొర్లి నవ్వేవారు.

ఒక్క గుంట నవ్వేది కాదు. ఆ పిల్లకు ఐదేళ్లు నిండబోతున్నాయి. తల్లి హార్బరులో రొయ్యలు ఒలుస్తుంది. నా మోకాలికి ఆనుకుని కూర్చుని నా వేలినే చూసేది. మిగతావాళ్లు కథ వింటున్నారని, ఇది అక్షరాలను చూస్తోందని నాకు తట్టలేదు.

ఒకరోజు టీచరు అదే పుస్తకం తీసి, "చేప ఈదింది" అని చదివింది.

"కాదు, ఓడని మింగీసింది" అంది గుంట.

"లేదమ్మా, ఈదింది అనే ఉంది."

"తాత సదివినాడు. నీకు సదవడం రాదేటి?"

టీచరు నావైపు చూసింది. నేను రేకుల కప్పు వైపు చూశాను.

ఆ తర్వాత ఆ పిల్లకు ఏ అక్షరం చూపించినా నోటికొచ్చింది చెప్పేది. తన పేరు రాసిన అట్టముక్క మీద వేలు పెట్టి, "ఓడ మునిగిపోయింది" అంది. మొదట అందరం నవ్వాం. వారం తర్వాత టీచరు నవ్వడం మానేసింది.

"ఆళ్లు జూన్లో పరవాడ ఎళ్లిపోతన్నారు బాబాయ్ గారూ. తండ్రికి అక్కడ పని దొరికింది. కొత్త బళ్లో ఏస్తారు. అక్కడ ఇలాగే సెప్తే మొద్దు అనీసి ఎనకాల కూకోబెట్టీత్తారు. మీరే సెప్పండి. మీ మాటే ఇంటాది."

ఆ రాత్రి కంటి మీద కునుకు లేదని రాద్దామనుకున్నాను. శుభ్రంగా పడుకున్నాను. పైగా జ్వరమని నాలుగు రోజులు మొహం చాటేశాను కూడా. అయిదో రోజు వెళ్లి దాన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"ఓలమ్మా, ఓడ లేదే."

"ఏ ఓడ?"

"సేప మింగిన ఓడ. నాను అబద్ధం సెప్పినాను. ఇక్కడ రాసింది ఇదీ." ఎనిమిది పేజీలూ చదివాను.

"మళ్లీ సదువు."

చదివాను. మళ్లీ అంది. నాలుగుసార్లు చదివించింది. నాలుగుసార్లూ ఒకటే. ఎక్కడైనా తేడా వస్తుందేమోనని నా పెదాలూ వేలూ మార్చి మార్చి చూసింది.

"మరి నువ్వు ఓడ నడిపినావు గదా?"

అక్కడితో ఆగిపోవచ్చు. ఆగితే బాగుండేదేమో కూడా. "అదీ లేదమ్మా" అన్నాను.

"ఇంతేనేటి?"

"ఇంతే."

పుస్తకం మూసి పెట్టెలో పెట్టి, వెళ్లి గుడ్లు ఉడకబెట్టే ఆయా పక్కన కూర్చుంది. మళ్లీ నా మోకాలి దగ్గరికి రాలేదు.

మే నెల చివరికల్లా టీచరు కోరుకున్నదే జరిగింది. గోడ మీదైనా సరే, అట్టల గుట్టలోనైనా సరే, చేప అన్న మాట కనిపిస్తే ఆ పిల్ల పట్టేసేది. తన పేరు తానే ఏరి తీసేది. వెళ్లిపోయే ముందు రోజు టీచరు దాన్ని నిలబెట్టి పుస్తకం చేతికిచ్చింది. ఎనిమిది పేజీలూ వేలు పెట్టి తప్పు లేకుండా చదివింది, సరుకుల చీటీ చదివినట్టు.

"ఓడేదీ?" అన్నాడు ఒకడు.

"ఓడ లేదు. తాత అబద్ధం సెప్పినాడు."

వాడు ఏడుపందుకున్నాడు. టీచరు చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.

వాళ్లు వెళ్లిపోయారు. అరగంట కథ ఇప్పటికీ చెబుతున్నాను, ఉన్నదున్నట్టే. కానీ పేజీ తిప్పగానే ఎవడో ఒకడు అడుగుతాడు. "తాతా, ఇది రాసుందా, నువ్వు సెప్తన్నావా?"

రాసే ఉందిరా అంటాను. పుస్తకం నా ఒళ్లోంచి లాక్కుని, టీచరును అడగడానికి పోతారు.