దేముడి వేలిముద్ర

శ్రీదేవి నవ్వుతూ ఫైళ్లు సర్దుతుంటే ఎవరూ అనుకోరు గానీ, ఆ పిల్ల మా ఆస్పత్రిలో చేరిందే పగ తీర్చుకోవడానికి. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. అనకాపల్లిలో కొత్త మందుల ట్రయల్స్ జరిగే ఆస్పత్రి మాది. ఆ కాగితాలన్నీ మేమిద్దరమే చూస్తాం.

వాళ్ల నాన్న దేముడిది కశింకోట. మోకాళ్ల నొప్పులని వస్తే, ట్రయల్స్ కోఆర్డినేటర్ త్రినాధరావు బలానికి మందని చెప్పి ట్రయల్లో కలిపేశాడు. కిడ్నీలు పోయాయి. శ్రీదేవి తల్లి అప్పలనర్సమ్మ ఏడుస్తూ వచ్చి అడిగితే, "అంగీకార పత్రం మీద వేలిముద్ర ఏసేడు కదమ్మా," అని పంపేశాడు.

ఏడాది తిరగ్గానే శ్రీదేవి ఉద్యోగానికి వచ్చింది. ఎవరి కూతురో నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. వారంలోపే తండ్రి ఫైలు వెతికి తీసింది. సంతకం రాకపోతే మగవాళ్లకి ఎడమ బొటనవేలు, ఆడవాళ్లకి కుడి బొటనవేలు వేయించడం అలవాటు. త్రినాధరావు ఎవరి వేలో అద్ది, అలవాటుగా కింద "ఎడమ బొటనవేలు" అని కూడా రాసుకున్నాడు. దేముడి ఎడమ బొటనవేలిని ఇరవయ్యేళ్ల కిందటే చెరకు గానుగ మింగేసింది.

వెంటనే ఫిర్యాదు చేయమని పోరాను.

"ఇప్పుడు సెప్తే ఆ కాయితం మాయం సేసేత్తాడు. తనిఖీవోళ్లని రానీ," అంది.

పదకొండు నెలలు వాడిని సార్ సార్ అంటూ తిరిగింది. నాకు ఒళ్లు మండేది. వాడేమో ఇంత శ్రద్ధగల పిల్లని చూడలేదని మెచ్చుకునేవాడు.

పోయిన నెల తనిఖీ అధికారులు వచ్చారు. శ్రీదేవి తండ్రి ఫైలే పైన పెట్టింది. ఈయనకి అన్నీ వివరించే వేలిముద్ర వేయించారా అని అధికారి అడిగాడు.

"నా ఎదురుగానే ఏసేడండి. నేనే వేలు పట్టుకుని ఏయించేను," అన్నాడు త్రినాధరావు.

శ్రీదేవి తలుపు తీసింది. పొద్దున్నుంచీ బయట బల్ల మీద కూర్చున్న దేముడు మెల్లగా లోపలికి వచ్చాడు.

"మా నాన్నండి. నాన్నా, సార్‌కి నీ ఎడం సెయ్యి సూపించు."

దేముడు ఆ నాలుగు వేళ్ల చేతిని బల్ల మీద పెట్టాడు. త్రినాధరావు మొహంలో నెత్తురు చుక్క లేదు. నా కడుపు చల్లబడింది, అబద్ధమెందుకు.

"ఏ వేలు పట్టుకున్నారో సూపించండి సార్," అంది శ్రీదేవి.

అధికారి కలం పక్కన పెట్టాడు.

"చూపించండి," అన్నాడు.