సంగటి కెలికిన దొర

హైవే పక్కన కొత్త ఫ్యాక్టరీలు లేస్తున్న రోజుల్లో నన్ను సోమందేపల్లె శిక్షణ కేంద్రానికి బదిలీ చేశారు. హోదా వంట ఇన్‌స్ట్రక్టర్. క్యాంటీన్లలో చేరబోయేవాళ్ళకు వందల మందికి ఒకేసారి వండటం నేర్పాలి. మా శాఖలో దాన్ని బల్క్ కుకింగ్ అంటారు. కోర్సు మూడు నెలలు. మాది ధర్మవరంలో మగ్గం నేసే ఇల్లు. తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ ఒక దరికి చేర్చేసరికి నాకు నలభై దాటాయి. పెళ్ళి సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. నేనూ మరిచిపోయాను.

అక్కడ ఒక బ్యాచ్‌లో అందరికన్నా పెద్దవాడు రఘు. వయసులో నాకన్నా కొంచెం పెద్దే. మడకశిర వైపు పల్లె. ఇంట్లో తానూ తల్లీ ఉంటామని, వండిపెట్టే ముసలామె పోయిందని, తమ ఇద్దరికీ పొయ్యి వెలిగించడం కూడా రాదని చెప్పాడు. ఆ చివరి మాట నేను నమ్మలేదు. మొదటిరోజు ఉల్లిగడ్డ ఇచ్చి తరగమంటే, ఏ వైపు నుంచి మొదలుపెట్టాలని అడిగాడు. అప్పుడు నమ్మాను.

రాగి సంగటి ఆయనకు ఒక పట్టాన లొంగలేదు. నూకలు మెత్తగా ఉడికాక పిండి కుప్పగా పోసి, కదపకుండా మూతపెట్టి మగ్గనివ్వాలి. తర్వాతే తెడ్డుతో ఉండలు లేకుండా కెలకాలి. ఆయన తొందరపడి ముందే కలిపేసేవాడు. తరగతి అయ్యాక అందరూ బస్సులకు పరిగెత్తితే, ఆయన గుండిగలు తోముతూ మిగిలిపోయేవాడు. నేను ఇండెంట్ రాస్తూ, అంటే మర్నాటి సరుకులు స్టోరుకు రాసిస్తూ, కూర్చునేదాన్ని. ఉప్పు చూడమని రోజూ ఏదో ఒకటి తెచ్చి ముందు పెట్టేవాడు. కొన్నాళ్ళకు ఉప్పు సరిగ్గానే ఉంటుందని ఇద్దరికీ తెలుసు. అయినా నేను చూసేదాన్ని.

ఒకరోజు తోమిన గుండిగ బోర్లించి, నా వైపు చూడకుండా అడిగాడు.

"మేడం, వంట వచ్చేసినాక కూడా నేను ఈడికి రావచ్చునా?"

ఇండెంట్ పుస్తకం మూసేశాను. గదికి నడిచి పోతూ తోవ పొడుగునా నవ్వుకున్నాను.

కోర్సు చివర ప్రాక్టికల్ పరీక్ష. ఆసారి మడకశిర దగ్గర ఒక పల్లె జాతరలో అన్నదానానికి వండాలి. ఊరి పేరు వినగానే రఘు ముఖం పాలిపోయింది. తాను రానన్నాడు, కారణం చెప్పలేదు. ప్రాక్టికల్ లేకుంటే సర్టిఫికెట్ ఇవ్వరని చెప్పాను. వచ్చాడు. పందిట్లో సంగటి కెలికే వంతు ఆయనది. వంట ఎంతవరకు వచ్చిందో చూడటానికి వచ్చిన ఊరి పెద్దాయన ఆయన్ని చూసి ఆగిపోయాడు. చెప్పులు విడిచి, తలగుడ్డ తీసి చేతబట్టుకున్నాడు.

"దొరా, మీరు పొయ్యికాడ ఏం చేస్తాండారు?"

ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఊళ్ళను ఏలిన పాళెగాళ్ళ వంశమట వాళ్ళది. కోట కూలింది, భూములు పోయాయి, జనంలో మర్యాద మాత్రం మిగిలింది. దొరచేత వండించుకొని తినడం పాపమని పెద్దలు వడ్డన ఆపించారు. ఆయనకు కుర్చీ తెప్పించారు. జనం ఆకుల ముందు కూర్చొని చూస్తున్నారు. ఇన్నాళ్ళూ నా దగ్గర దాచినందుకు నాకు కోపం ముంచుకొచ్చింది. కానీ పరీక్ష నడుస్తున్నంతసేపూ వంటపందిరికి ఇన్‌స్ట్రక్టరే పెద్ద.

"రఘూ, సంగటి ఆరిపోతాంది. కెలకండి" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నన్ను చూసి తెడ్డు అందుకున్నాడు. ముద్దలు కట్టి, మొదటిది ఆ పెద్దాయన ఆకులో తనే పెట్టాడు.

"మా అమ్మ దినామూ నా చేతి కూడే తింటాది. నువ్వూ తిను, పెద్దయ్యా."

పెద్దాయన ముద్ద తుంచి ఊరుబిండి పచ్చడి అద్దుకొని నోట్లో పెట్టుకున్నాడు. అప్పుడు పంక్తి కదిలింది.

తిరుగు బస్సులో ఎందుకు దాచారని అడిగాను. చెప్పుంటే మీరు నాచేత గుండిగలు తోమించేవారా అని అడిగాడు. తోమించేదాన్ని కాదు. పక్కన కూడా కూర్చునేదాన్ని కాదేమో. సోమందేపల్లెలో దిగేముందు, వంట వచ్చేసినా రావచ్చని చెప్పాను.

వారం తిరక్కుండా వాళ్ళమ్మ నన్ను పిలిపించింది. సగం కూలిన మహలు, మిగిలిన సగంలో నిటారుగా కూర్చున్న పెద్దావిడ. ఇంట్లో కొత్త వంటమనిషి కుదిరిందని కొడుకు చెప్పిన మాట ఇన్నాళ్ళూ నమ్మిందట. జాతర కబురు ఆమెదాకా వచ్చేసింది. మా పెళ్ళి మాట కొడుకే చెప్పాడట.

"నా కొడుకుచేత గరిటె పట్టించినావు. ఇప్పుడు వాణ్ణి చేసుకుంటానంటాండావు. ఉద్యోగం మానుకుంటావా?"

"మాననమ్మా. ఎవరు ముందు ఇంటికొస్తే వాళ్ళు పొయ్యి వెలిగిస్తాం."

ఆమె పక్కన నిలబడ్డ కొడుకు చేతుల వైపు చూసింది. వేళ్ళ మీద కాలిన మచ్చలున్నాయి.

"వాడు చేసే పప్పులో పులుపు ఎక్కువైతాంది. ముందు అది సరిచెయ్యి. ముహూర్తం తర్వాత చూద్దాం."

పెనుకొండలో పెళ్ళి జరిగింది. రిటైరయ్యేదాకా నేను అదే కేంద్రంలో పనిచేశాను. ఆ బ్యాచ్ తర్వాత, కొత్తగా చేరేవాళ్ళను తండ్రి ఏం చేస్తాడని అడగడం మానుకున్నాను. వంట ఎవరికోసం నేర్చుకుంటున్నారని అడిగేదాన్ని. దానికి వెంటనే జవాబు చెప్పగలిగినవాళ్ళు కోర్సు మధ్యలో వదిలి వెళ్ళడం నా సర్వీసులో అరుదు.