కోరుట్ల కొంగ మిడ్ మానేరులో ఎందుకు గెలిచింది

హుస్సేన్ సాగర్ ఒడ్డున వారం వారం కలుసుకునే మా గుంపుకు గాలి గురించీ, గెలిచినవాళ్ల గురించీ మాట్లాడుకోకపోతే తిన్నది అరగదు. మేం నడిపేది ఒకే రకం పడవ. ఒక మనిషి, ఒక తెరచాప, ఇంజను లేదు. తెరచాప మీద కొంగ బొమ్మ ఉంటుంది కాబట్టి పడవనే కొంగ అంటాం. కొంగలన్నీ ఒకే అచ్చులో పోసినవి. పొడవు, బరువు, గుడ్డ కొలత అన్నీ ఒకటే. కాబట్టి గెలిస్తే అది నడిపినవాళ్ల గొప్ప, ఓడితే పడవ మీద నెట్టడానికి వీల్లేదు. ఈ గుంపు కబుర్లు రాసి అందరికీ వాట్సాప్‌లో పంపే పని చాన్నాళ్ల కిందట నా నెత్తిన పడింది. ఈసారి రేసులు సిరిసిల్ల దగ్గర మిడ్ మానేరులో పెట్టారు. రెండు రోజులూ కలిపి మొదట నిలిచినవాళ్లకు జాతీయ శిక్షణ శిబిరంలో సీటు. ఒక్కటంటే ఒక్కటే. ఆ సీటు కోరుట్ల అమ్మాయి లావణ్యదే అని గుంపంతా అనుకుంటోంది. నెల రోజులుగా ఆ పిల్ల పంపే వీడియోల్లో పడవ ఎగిరిపోతోంది మరి. ఆమె ఇంటికే పోయి, ఆమె పడవతోపాటు సిరిసిల్లకు వెళ్లి, దారి పొడవునా కబుర్లు రాద్దామని బయల్దేరాను.

మీరూ ఆ దారిన పోవాలనుకుంటే, పొద్దున ఆరింటికల్లా జూబ్లీ బస్టాండులో ఉండండి. జగిత్యాల ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లకు డబ్బుల్లేని జీరో టికెట్టు, ఆధార్ కార్డు చేతిలో పెట్టుకుంటే చాలు. సీటు దొరకడం మాత్రం మీ మోచేతుల బలాన్ని బట్టి ఉంటుంది. నాకు సిద్దిపేట దాకా నిలబడక తప్పలేదు. జగిత్యాలలో దిగేసరికి పదకొండు దాటింది. బస్టాండు ఎదురుగా ఒక హోటల్లో వేడి పూరీలు తిని, మేడిపల్లి మీదుగా పోయే కోరుట్ల బస్సు ఎక్కితే గంటలోపే దింపేసింది. దారంతా పసుపు చేలు, మక్క చేలు. కిటికీ పక్కన కూర్చున్నామె దుబాయి నుంచి మొగుడు చేసిన వీడియో కాల్‌లో బస్సు మొత్తాన్నీ చూపించింది, నన్ను కూడా.

లావణ్య వాళ్ల ఇల్లు కోరుట్ల అంచున, తాటిచెట్ల వైపు ఉంది. తండ్రి రాజేశం గౌడ్ కల్లు గీస్తాడు. సన్నటి మనిషి. రోజూ పొద్దునా సాయంత్రం చెట్లెక్కి దిగే కాళ్లు. లావణ్య గురుకులంలో చదివేటప్పుడు హైదరాబాద్‌లో తెరచాప పడవ నేర్చుకుంది. ఇప్పుడు కోరుట్లలోనే డిగ్రీ చదువుతోంది. మా సంఘం ఇచ్చిన పాత కొంగ ఒకటి ఇంటి రేకుల కింద పెట్టుకుని, మూడేళ్లుగా ఊరి చెరువులో సాధన చేస్తోంది. నేను పోయేసరికి సర్వపిండి వేడివేడిగా పెట్టారు. తింటుంటే రాజేశం గారు పడవ వైపు చూపించి, "నా బిడ్డ గిదెక్కినంక అన్నం తినుడు సుత యాది మరుస్తది మేడం" అన్నారు. ఫిర్యాదులా మొదలుపెట్టి పొగడ్తలా ముగించారు. పడవను పికప్ బండిలోకి ఎక్కించేటప్పుడు నేనూ ఒక చెయ్యి వేశాను. అనుకున్నదానికన్నా తేలిగ్గా లేచింది. ఈ వయసులోనూ నాలో బలముందని మురిసిపోయాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పికప్ డ్రైవర్ సలీం కథలాపూర్, రుద్రంగి, వేములవాడ మీదుగా సిరిసిల్లకు రెండు గంటల్లో చేర్చాడు. రెండున్నర వేలు అడిగాడు. పడవ పొడుగు చూసి ఇంకో మూడు వందలు కలిపాడు. ఆయనా కొన్నేళ్లు గల్ఫ్‌లో ఉండి వచ్చినవాడే. "దుబాయిల షేకుల పిల్లలు నడుపుతుంటె సూసిన మేడం. మన కోరుట్ల పిల్ల నడుపుడు గిదే ఫస్టు" అని దారిలో చాయ్ తాగడానికి ఆగిన ప్రతిచోటా హోటల్ వాళ్లకు కూడా చెప్పాడు. వెనక పడవ పక్కన కూర్చున్న తండ్రీబిడ్డలు ఒకే దుప్పటి కప్పుకుని నిద్రపోయారు. సిరిసిల్లలో లాడ్జి గది ఎనిమిది వందలకు దొరికింది. కిటికీ తీస్తే మగ్గాల చప్పుడు, మూస్తే ఫ్యాన్ చప్పుడు.

మర్నాడు పొద్దున ఆటోలో నీళ్ల ఒడ్డుకు చేరేసరికి ఇరవై దాకా కొంగలు వరసగా ఉన్నాయి. గాలి పలచగా ఉంది. ఇలాంటి గాలిలో ఎవరూ ఎవరినీ దాటిపోలేరు, అందరూ పక్కపక్కనే నత్తల్లా పాకుతారు. అలాంటిది లావణ్య మొదటి రేసు గెలిచింది. రెండోదీ గెలిచింది. మూడోదాంట్లో వెనకున్నవాళ్లకు తెరచాప మీది కొంగ బొమ్మ కూడా కనిపించనంత దూరం పోయింది. నేను ఆగలేకపోయాను. అక్కడే నిలబడి "కోరుట్ల కొంగ మూడుకు మూడు, శిబిరం సీటు దాదాపు ఖాయం" అని టైపు చేసి గుంపంతటికీ పంపేశాను. రాజేశం గారు ఆ ముక్క నాతో రెండుసార్లు చదివించుకున్నారు.

అప్పుడు కిరణ్ వచ్చాడు. హైదరాబాద్ కుర్రాడు, పోయినసారి మొదట నిలిచినవాడు, ఇప్పుడు రెండో స్థానంలో ఉన్నాడు. మాలో ఒక పద్ధతి ఉంది. ఎవరి పడవ మీదైనా అనుమానం వస్తే ఫిర్యాదులు రాయరు, గొడవ పడరు. ఒక రేసుకు పడవలు మార్చుకుందామని అడుగుతారు, అంతే. కాదనే హక్కు ఎదుటివాళ్లకు ఉంది కానీ ఇంతవరకూ ఎవరూ కాదనలేదు. కిరణ్ అదే అడిగాడు. నాకు ఒళ్లు మండింది. గెలవడం చేతకాక ఈ వేషాలెందుకని ముఖం మీదే అన్నాను. వాడు తల దించుకున్నాడు కానీ వెనక్కి తగ్గలేదు. లావణ్య మాత్రం నవ్వింది.

"తీస్కో అన్నా. నీ పడవ ఎట్లుంటదో నేను సుత సూత్త."

నాలుగో రేసు మొదలైంది. నేను ఒడ్డున చేతులు కట్టుకుని నిలబడ్డాను, కిరణ్ పరువు పోయే క్షణం కోసం. పడవలు తిరగాల్సిన చోట నీళ్లలో తేలే మొదటి బోయ దగ్గరికి వచ్చేసరికి కిరణ్ అందరికన్నా ముందున్నాడు. లావణ్య పడవలో. రెండో బోయ దగ్గర ఇంకా ముందుకు పోయాడు. లావణ్య ఎక్కడ అని కళ్లతో వెతుక్కుంటే ఏడో స్థానంలో కనిపించింది. తాడు లాగుతోంది, వదులుతోంది, ముందుకు జరుగుతోంది, వెనక్కి జరుగుతోంది. పడవ మాత్రం కదలడం లేదు. రేసు అయిపోయాక ఒడ్డున ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. గెలిచిన కిరణ్ ముఖంలో కూడా నెత్తురు లేదు. వాడికి నిజంగా అనుమానమే తప్ప నమ్మకం లేదని అప్పుడు అర్థమైంది.

రేసులు నడిపే కమిటీ పెద్దాయన మూర్తి గారు తూనిక కాటా తెప్పించారు. మా పడవలను ఏడాదికొకసారి తూస్తాం. మధ్యలో ఒకరి మాట ఒకరు నమ్ముకోవడమే. ఒడ్డున ఉన్న షెడ్డు దూలానికి వేలాడదీసి లావణ్య పడవను తూచారు. ఉండాల్సినదానికన్నా నాలుగు కిలోలు తక్కువ. ఇంకోసారి తూచారు. అదే. మూర్తి గారు సీటు కింద చెయ్యి పెట్టి చూశారు. అచ్చులోంచి తేలిగ్గా వచ్చిన పడవకు మిగతావాటితో సమానమయ్యేలా సీటు కింద సీసం ముక్కలు బిగిస్తాం. ఈ పడవకూ రెండు బిగించాం, బిగించేటప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ఇప్పుడు ఆ చోట స్క్రూల బెజ్జాలు మాత్రమే ఉన్నాయి. నేను లావణ్య ముఖం వైపు చూడలేకపోయాను. ఇంత పని చేశావా పిల్లా అనుకున్నాను.

ఆ సమయంలో రాజేశం గారు అందరికీ చాయ్ గ్లాసులు పట్టుకుని షెడ్డులోకి వచ్చారు. గుంపంతా బెజ్జాల వైపు చూస్తుంటే ఆయనా వంగి చూశారు.

"గా సీసం బిళ్లలా? నేనే ఇప్పిన సార్" అన్నారు, ఏదో మంచి పని ఎవరూ గుర్తించలేదే అన్నట్టు.

ఆగకుండా చెప్పుకుంటూ పోయారు. "పోయిన నెల పడవ కడుగుతుంటె కనవడ్డయి. ఊకెనే బిగిచ్చి ఉన్నయి. మేము చెట్టెక్కెటోళ్లం సార్, నడుముకు ఓ కత్తి ఎక్కువైతెనే పానం గుంజుతది. పనికిరాని బరువు నా బిడ్డ ఎందుకు గుంజాలె అని ఇప్పిన. చేపలు పట్టెటాయన అడిగితె ఇచ్చిన. కరగవోసి వలకు గుండ్లు చేసుకున్నడు."

నా ముప్పై ఏళ్ల పడవల జీవితంలో ఇలాంటి మాట వినలేదు. మోసాలు విన్నాను, కొట్లాటలు విన్నాను. ప్రేమతో ఒక తండ్రి తన కూతురి గెలుపును స్క్రూడ్రైవరుతో విప్పేయడం మాత్రం ఎక్కడా చూడలేదు. మూర్తి గారు గ్లాసు అందుకుని తాగకుండా పట్టుకునే ఉన్నారు.

లావణ్య మాత్రం తండ్రి వైపే చూస్తోంది. "నేను మంచిగ నేర్సుకున్న అనుకున్న బాపూ" అంది. గొంతు పెరగలేదు. అలా అన్నందుకే నాకు ఏడుపొచ్చింది.

కమిటీవాళ్లు పక్కకు పోయి తర్జనభర్జన పడ్డారు. పిల్లకు తెలియదు కదా, ఇవాళ్టి ఫలితాలు ఉంచి, రేపటికి బరువు కడదామని ఒకరన్నారు. నేనూ అదే అన్నాను, నన్నెవరూ అడక్కపోయినా. వాళ్లు తేల్చకముందే లావణ్య వెళ్లి, తన మూడు గెలుపులూ తీసేయమని చెప్పేసింది. తీసేశారు. సీటు ఆ క్షణంలోనే పోయింది. మిగిలిన రెండు రేసులూ గెలిచినా లెక్క కుదరదు.

ఫోన్ తీస్తే గుంపులో నా మధ్యాహ్నపు వార్త కింద ఎనభై మెసేజులు. ఎవరో విషయం చేరవేశారు. దొంగ పడవ అని ఒకరు, వీళ్లను నమ్మితే ఇంతే అని ఇంకొకరు. "వీళ్లను" అంటే ఎవరిని అని అడిగాను. జరిగింది జరిగినట్టు రాసి పంపాను. రాజేశం గారు లాడ్జి మెట్ల మీద ఒంటరిగా కూర్చుని ఉన్నారు. బిడ్డ ఆయనతో మాట్లాడటం లేదు. నన్ను చూసి లేచారు.

"గిది దొంగతనం అంటరా మేడం?"

కాదన్నాను. ఆ బరువు ఎందుకుంటుందో, అందరి పడవలూ సమానంగా ఉండటం అంటే ఏమిటో విడమరిచి చెప్పాను. అంతా విన్నారు. బరువుకు బదులు రేపు తాను పడవలో కూర్చుంటే పనికొస్తుందా అని అడిగారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే ఆయన మగ్గాల షెడ్ల వీధిలోకి పోయారు. మర మగ్గానికి నూలు బిగువుగా ఉండటానికి ఇనుప బరువులు వేలాడదీస్తారు. అలాంటివి రెండు ఒక ఆసామిని బతిమాలి తెచ్చారు. మూర్తి గారు తూచి, గ్రాముల దాకా సరిచూసి, సీటు కింద బిగించి సీలు వేశారు. లావణ్య చూస్తూ నిలబడింది. తండ్రితో మాట్లాడలేదు, కానీ స్క్రూడ్రైవరు అందించింది.

ఆ రోజు గాలి బాగా వీచింది. మొదటి రేసులో లావణ్య మూడోది. భుజాలు బిగుసుకుపోయి, ప్రతి తాడునూ అనుమానంగా లాగుతున్నట్టుంది. చివరి రేసులో సగం దూరం దాకా కిరణ్ వెనకే ఉంది. ఆఖరి మలుపులో గాలి ఎటు తిరుగుతుందో వాడికన్నా ముందే కనిపెట్టి, పడవ తిప్పి, మూడు పడవల పొడుగు ముందు గీత దాటింది. నేను అరిచిన అరుపుకు పక్కనున్న కొంగలు, అసలు కొంగలు, లేచిపోయాయి. రాజేశం గారు మాత్రం అరవలేదు. నా దగ్గరికి వచ్చి మెల్లిగా అడిగారు.

"గిప్పుడు బరువుతోటే అచ్చింది గదా మేడం?"

అవునన్నాను. సీటు మాత్రం కిరణ్‌కే పోతుందని కూడా చెప్పాను, దాచడం ఎందుకని.

"గది నాకెరుకే. నేను అడిగింది గది కాదు" అన్నారు.

సీటు కిరణే తీసుకున్నాడు, అది వాడిదే. పడవలు సర్దుకునేటప్పుడు లావణ్య నా దగ్గరికి వచ్చి, తప్పు బాపుది కాదని చెప్పింది. మూడేళ్లు పడవ ఆయన రేకుల కిందే ఉన్నా, అందులో ఏది ఎందుకుందో తాను ఒక్కసారి కూడా చెప్పలేదట. అర్థం కాదులే అనుకుందట. ఆ తర్వాత తండ్రిని పిలిచి పడవ పక్కన కూర్చోబెట్టి ఒక్కొక్కటీ చూపించడం మొదలుపెట్టింది. గీ తాడు గిందుకు, గీ చెక్క గిందుకు. ఆయన ప్రతిదానికీ తలూపుతూ, అడుగున నీళ్లు పోయే బెజ్జంలో వేలు పెట్టి, గీ బొక్క మూసెయ్యకుంటె మునగదా అని అడిగారు. సలీం రెండుసార్లు హారన్ కొట్టినా ఇద్దరూ లేవలేదు.

తిరుగు బస్సులో సిద్దిపేట దాకా ఆ ఇద్దరి గురించే ఆలోచించాను. మనం గెలుపు కబుర్లు గుంపంతటికీ ఒక్క వేలితో పంపేస్తాం. ఇంట్లో పడవ కడిగే మనిషికి మాత్రం రెండు ముక్కలు విప్పి చెప్పడానికి తీరిక దొరకదు. మీరు మిడ్ మానేరుకు రేసు కోసం పోతున్నా, ఇంకెక్కడికి పోతున్నా, బయల్దేరేముందు పడవను ఇంటి దగ్గరే ఒకసారి తూయించుకోండి. తూచేటప్పుడు ఇంట్లోవాళ్లను పక్కన నిలబెట్టుకుని, ఏది ఎందుకుందో చెప్పండి. వాళ్లు అడక్కపోయినా చెప్పండి.