గుమ్మడికాయల నడుమ వాల్వుల పెట్టె

మనిషి పరువు పోవడానికి ఎంతసేపు పడుతుందని ఎవరైనా నన్ను అడిగితే, ఒక్క ప్రార్థన ముగిసేంతసేపు అని గుండె మీద చెయ్యి వేసుకుని చెబుతాను. నాది అలాగే పోయింది. అదీ లక్సెట్టిపేట మిషన్ గుడిలో, కోత పండుగ నాడు, మా సంఘమంతా కూర్చుని వింటుండగా!

అప్పట్లో నేను రేడియోలు బాగుచేసేవాణ్ణి. బాగుచేయడం కంటే విప్పడం ఎక్కువ. మా మేనమామ సికింద్రాబాద్ నుంచి ఒక పాత గిటారు తెచ్చిచ్చాడు. దాని గొంతు ఎంత చిన్నదంటే, పక్కన అవ్వ పప్పు తిరగమోత పెడితే వినపడేది కాదు. అందుకని ఆ గొంతును పెంచే వాల్వుల పెట్టె ఒకటి కట్టాలనుకున్నాను. చచ్చిన రేడియోలో బతికున్న వాల్వులు, అంటే లోపల వెలిగే గాజుబుడ్లు, పీకి, బిస్కెట్ డబ్బా రేకు మీద నిలబెట్టి, చాయ్‌పత్తి వచ్చే చెక్కపెట్టెలో స్పీకరు బిగించాను. గిటారు శబ్దం పట్టడానికి, పాత టెలిఫోన్‌లో చెవికి ఆనించుకునే గుండ్రటి బిళ్లను గిటారు పొట్టలో అంటించాను. ఆ బిళ్లను మాత్రం గుర్తుపెట్టుకోండి. నా కొంప ముంచింది అదే.

స్విచ్ వేస్తే వాల్వులు వెంటనే పలకవు. మెల్లగా ఎర్రబడతాయి, తర్వాత నారింజ రంగుకు వస్తాయి. ఆ వెలుగు చూస్తూ కూర్చుంటే నాకు లోకం గుర్తుండేది కాదు. ఆ వెలుగులో సుగుణ కనిపించేది. సుగుణ గుడిలో హార్మోనియం వాయించే అమ్మాయి. సంఘపెద్ద యాకోబు గారి కూతురు. కలలో మేమిద్దరం చాలా మాట్లాడుకునేవాళ్లం. బయట ఒక్క మాట కూడా లేదు. అందుకే కలలో ఆమె మాటలు కూడా నేనే అనేవాణ్ణి, అదీ పైకే.

పెట్టె మొదట తుమ్మెదలా రొద పెట్టింది. తీగలు సరిచేస్తే రొద తగ్గింది గాని, గిటారును దగ్గరికి తెస్తే చాలు, కీచుమని కూత. ఒకసారి తాకకూడని చోట తాకి, గోడ దాకా ఎగిరిపడ్డాను.

"దానియేలూ, అన్నం సల్లారుతుంది, రారా!" అని అవ్వ గుమ్మంలోంచి కేకేసింది. కేకేసి అక్కడే ఆగిపోయింది. "ఏంరా, నా గొంతు గా పెట్టెలకెళ్లి వచ్చింది?"

"ప్రతిధ్వని అవ్వా."

"ప్రతిధ్వనో ఏందో గని, గది మనం మాట్లాడేది ఇంటుందిరా."

చదువుకోని అవ్వకు నా విద్య ఏం తెలుసని నవ్వాను. చెవిలో మాట్లాడే బిళ్ల, మనం మాట్లాడితే వింటుంది కూడా అని నాకు తట్టలేదు. గిటారును పెట్టెకు దూరంగా జరిపితే కూత ఆగింది. అంతే, గెలిచేశాననుకున్నాను.

యాకోబు గారి అనుమతి దొరకడం మాత్రం కష్టమైంది.

"గుడిల గిటారేందిరా? ఇదేమన్న నాటకమా?"

"ఒక్క పాట, పెద్దయ్యా. నచ్చకుంటే మల్ల ముట్ట."

"ఒక్కటే. జర అటిటైనా మల్ల గా గిటారు గుడి గడప దాటద్దు."

కోత పండుగ రోజు బలిపీఠం ముందు గుమ్మడికాయలు, వడ్ల బస్తాలు, కాళ్లు కట్టిన కోళ్లు. వాటి మధ్య నా పెట్టెను పెట్టి, ముందే వేడెక్కాలని స్విచ్ వేశాను. కూత రాకుండా పొడుగు తీగ లాగి, గిటారుతో బలిపీఠం పక్కనున్న పాదిరిగారి గదిలో కూర్చుని తలుపు వేసుకున్నాను. ప్రార్థన అయ్యాక యాకోబు గారు తలుపు తడతారు, నేను మొదలుపెట్టాలి.

గదిలో చల్లగా ఉంది. కిటికీలోంచి ఎండ ఒక చార పడి, అందులో దుమ్ము మెల్లగా తేలుతోంది. గిటారును ఒళ్లోకి తీసుకుని దాని మీద చెంప ఆనించాను. కళ్లు వాటంతటవే మూతబడ్డాయి. సుగుణ వచ్చేసింది.

"సుగుణా, మనం కరీంనగర్ల ఇల్లు కిరాయికి తీసుకుందాం."

"తీసుకుందాం. మరి మా బాపు?"

"పండుగకు ఒక్కపూట పిలుద్దాం. పొద్దుగూకకముందే బస్సెక్కిద్దాం. మీ బాపు రాగం తీస్తే బర్రెలు పాలియ్యయి, సుగుణా."

"నిజమే. గని నువ్వు వాయిస్తే దినమంతా ఇనబుద్దయితది."

బయట గుడిలో ఎవరో మగమనిషి గొణుగుతున్నట్టు వినిపించింది. ఎంత భక్తిగా ప్రార్థిస్తున్నాడో అని నాకు ముచ్చటేసింది. "ఆమెన్" అన్నాను. ఆయన కూడా "ఆమెన్" అన్నాడు. అచ్చం నా గొంతే!

తలుపు తట్టలేదు. తెరుచుకుంది. ఎదురుగా యాకోబు గారు.

"పాట వద్దు తియ్, దానియేలూ. అంతా చెప్పినవ్ గద."

బయటికి వచ్చి చూస్తే పాదిరిగారు కండువా నోట్లో కుక్కుకుని ఊగిపోతున్నారు. సుగుణ తల హార్మోనియం వెనక దాక్కుంది. సిగ్గుతో చచ్చిపోయి, పెట్టె ఎత్తుకుని పారిపోదామని వంగాను.

"ఆగు. దేవుని ముందట పెట్టిందంతా కానుకనే. వేలం వెయ్యాలె," అన్నారు యాకోబు గారు.

"పెద్దయ్యా, అది కానుక కాదు, నా మిషను!"

"గుమ్మడికాయల నడుమ పెట్టినవా, లేదా?"

"పెట్టిన."

"మరింకేంది?"

మా సంఘంలో అది రివాజు. అక్కడ పెట్టినది వెనక్కి తీసుకోవడమంటూ లేదు. నా కలల పెట్టె ఒక సొరకాయ తర్వాత, ఒక పుంజు ముందు వేలానికి వచ్చింది. ఎవరు పాడతారు దాన్ని? నాకు ఏడుపొచ్చింది. అప్పుడు హార్మోనియం వెనక నుంచి ఒక చెయ్యి లేచింది.

"నేను తీసుకుంటున్న," అంది సుగుణ. ఆమె నాతో అన్న మొదటి మాట కూడా అప్పుడే విన్నాను. "దీంట్ల ముచ్చట్లేనా, పాట గిట్ల వస్తదా?"

"వస్తది."

"అయితే ఇంటికొచ్చి వాయించు. మా బాపు ఉన్నప్పుడే రా."

పోయాను. వాయించాను. ఆ తర్వాత మా పెళ్లయింది. కరీంనగర్‌లో కిరాయి ఇల్లు దొరికింది. మామగారు పండుగకు వచ్చారు, ఒక్కపూటకే. కాని ఏ బస్సూ ఆయనకు నచ్చలేదు. ఏళ్ల తరబడి మాతోనే ఉండిపోయి, రోజూ తెల్లవారుజామున రాగం తీసేవారు. నేను దుప్పటి కప్పుకుని గొణిగితే, సుగుణ నవ్వుతూ, "పెట్టె స్విచ్ ఎయ్యాల్నా?" అనేది.

అందుకే బలిపీఠం సాక్షిగా, గుమ్మడికాయల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. కలలు కనడం మాననుగాక మానను. కాని స్విచ్ ఆపకుండా మాత్రం ఈ జన్మలో కనను.