ఆగకుండా ఆరు నిమిషాలు

నాలుగేళ్లుగా నా ఊపిరితిత్తులు లోపల మచ్చలు కట్టి గట్టిపడుతున్నాయి. స్కాన్‌లో ఎండిన బీరకాయ పీచులా కనిపిస్తాయి. వీపు రుద్దుకోవడానికి పనికొస్తాయేమో గానీ గాలి పీల్చడానికి అంత అనువు కాదు. పోయిన ఏడాది ఆ పీచులో శనగగింజంత గడ్డ తేలింది. క్యాన్సర్. ఇలాంటి ఊపిరితిత్తుల్లో అది రావడం కొత్తేమీ కాదని హైదరాబాద్ డాక్టర్ చెప్పాడు. నాకు మాత్రం కొత్తే.

"ఆపరేషన్ చేసి తీసెయ్యొచ్చు. కానీ దాంతో పాత జబ్బు ఒక్కసారిగా ముదరొచ్చు. ఆరు నిమిషాలు నడిపించి చూస్తాం. సరిపడా దూరం నడిస్తేనే ఆపరేషన్," అన్నాడు.

పదిహేను రోజుల గడువు. మెదక్ బజారులో సాధన మొదలుపెట్టాను. నా భార్య ఫోన్‌లో టైము చూస్తూ వెనకే వచ్చేది. ఈ ఊరి బడిలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాడికి ఇక్కడ ఆగకుండా నడవడం కుదురుతుందా అన్న లెక్క మాత్రం వేసుకోలేదు.

"నమస్తే సార్! దమ్ము జర ఎక్కువొస్తుందా?" నా ఆయాసం చూసి, పండ్ల బండి పెట్టుకున్న పాత శిష్యుడు.

"వస్తుంది."

"సిగరెట్ బంద్ చేయుండ్రి సార్."

నేను జన్మలో సిగరెట్ ముట్టలేదు. ఆ సంగతి చెప్పేసరికి రెండు నిమిషాలు పోయాయి. ఆ రోజు మొత్తం మీద పండ్ల బండి నుంచి చెప్పుల దుకాణం దాకా వెళ్లాను. మధ్యలో ఒకే దుకాణం ఉంది.

"చెయ్యూపి పోతే ఏమైతది మీకు?" అంది నా భార్య.

"మాట్లాడిచ్చినోని ముందర నిలవడకుంటే ఏమనుకుంటడు?"

"అనుకోనియ్యుండ్రి. బతికుంటే తర్వాత మాట్లాడొచ్చు."

పరీక్ష రోజు ఆసుపత్రి వరండాలో రెండు ప్లాస్టిక్ కోన్ల మధ్య తిరగమన్నారు. వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టారు. నాలుగో నిమిషానికి ఛాతీ పట్టేసింది. సరిగ్గా అప్పుడే బెంచీ మీద నుంచి ఒకడు లేచాడు. రామాయంపేటలో మెకానిక్, నా దగ్గర చదివినవాడే.

"సార్! మీరేంది గిక్కడ?"

కాళ్లు అలవాటుగా ఆగబోయాయి. గోడ పక్కన నా భార్య ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. నేను ఆగలేదు. తిరిగొచ్చేటప్పుడూ ఆగలేదు. అతను రెండుసార్లూ నమస్తే పెట్టాడు.

దూరం సరిపోయింది. గడ్డ తీసేశారు. పాత జబ్బు లేవకుండా ఉన్నచోటే ఉంది.

రెండు నెలలకు మళ్లీ పండ్ల బండి.

"రామాయంపేటాయన చెప్పిండు సార్. దవఖాన్ల ఎదురువడ్డా పలకలేదంట. సార్‌కు జర పొగరెక్కిందంటుండు."

నిలబడి మొదటి నుంచీ మొత్తం చెప్పాను. మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. నా భార్య తొందరపెట్టలేదు. అతను కళ్లు తుడుచుకుని, రెండు దానిమ్మలు నా చేతిలో పెట్టాడు.

"ఏమైనా సరే సార్," అన్నాడు, "సిగరెట్ మాత్రం మళ్ల ముట్టకుండ్రి."