తుడిచేసిన పైపొర

బెంగాల్‌లోని ఖిదిర్‌పూర్ రేవు వెనక తెలుగు బస్తీలో ఏ పిల్ల పుట్టినా నీళ్లు పోసే చెయ్యి తవిటమ్మదే. కాళ్లు బారజాపి, పిల్లను వాటిమీద బోర్లా వేసుకుని, సెనగపిండి నలుగుతో ఒళ్లు ఎర్రబడేదాకా రుద్దేది. గుక్కపట్టి ఏడవని పిల్లంటే ఆవిడకు అనుమానం. ఈ విషయంలో ఆవిడ మాటకు ఎదురు లేదు, ఉంటే ఊరుకునే మనిషీ కాదు.

పగలు ఒక కాలేజీ జంతుశాస్త్ర విభాగంలో గాజుసామాను కడిగేది. ఏళ్లు గడిచినా పర్మనెంటు కాలేదు గాని, యూనియన్ వాళ్లు ఊరేగింపులకు మాత్రం మరిచిపోకుండా పిలిచేవారు. 1986 వానాకాలంలో ఆవిడ కూతురు గవరమ్మ ఏడో నెలలోనే ప్రసవించింది. పిల్ల కొన్ని వారాలు ఆసుపత్రి గాజుపెట్టెలో ఉండి బతికి బట్టకట్టింది. శుక్రవారం ఇంటికి తెస్తున్నారు. ఆ రోజే నీళ్లు పోస్తానని తవిటమ్మ బస్తీ అంతా చాటింది.

ఆ వారంలోనే కాలేజీకి ఆస్ట్రేలియా నుంచి ఒక సీసా వచ్చింది. అందులో మందునీళ్లలో నిలవచేసిన సంచిజంతువు పిల్లలు రెండు, ఒక్కోటి జీడిపప్పు బద్దంత. కంగారూలాగే ఇవి కూడా సగం తయారై పుట్టి, మిగతా సగం తల్లి పొట్టమీది సంచిలో పెరుగుతాయి. వాటి చర్మంలో ఏ పొర ముందు ఏర్పడుతుందో చూడటం మృత్యుంజయ అనే పరిశోధక విద్యార్థి పని. అతను ఒకదాన్ని పళ్లెంలో పెట్టాడో లేదో కరెంటు పోయింది. నమూనాలు పోతపోయడానికి కరిగించిన మైనం గడ్డకడుతుందని పక్కగదికి పరుగెత్తాడు. తవిటమ్మ పళ్లెంలోకి తొంగిచూసింది. పిల్ల ఒంటిమీద మసకగా ఏదో పల్చటి పొర. పుట్టిన పిల్లకు ఉండే మడ్డే అనుకుంది. అలవాటుపడ్డ చెయ్యి ఊరుకుంటుందా? తడిదూదితో వీపూ పొట్టా శుభ్రంగా తుడిచేసింది.

ఆ పిల్లను మైనంలో పోతపోసి, పల్చటి ముక్కలు కోసి, రంగువేసి సూక్ష్మదర్శిని కింద పెట్టాక మృత్యుంజయ తల పట్టుకున్నాడు. మూతి చుట్టూ, గోళ్ల దగ్గరా ఉన్న పైపొర వీపుమీద లేదు. ఇదేం విచిత్రమని అతను గొణుగుతుంటే, తానే తుడిచానని తవిటమ్మ బెంగాలీలో చెప్పింది. మెచ్చుకుంటాడనే అనుకుంది పాపం.

అతను రెండో పిల్లను కోసి చూశాక ఆవిడను పిలిచి, కన్ను ఆనించి చూడమన్నాడు. అంచున చదునైన కణాలు ఒకే ఒక్క వరుస. కింద అసలు చర్మం తయారయ్యేదాకా ఆ వరుసే కాపలా అనీ, రుద్దితే ఊడొస్తుందనీ చెప్పాడు. నెలలు నిండని మనిషి పిల్లకు కూడా చర్మం పల్చనే, అదీ రాపిడికి ఓర్చుకోలేదు అన్నాడు. తవిటమ్మ మళ్లీ కన్ను ఆనించింది. చాలాసేపు తీయలేదు.

శుక్రవారం అమ్మలక్కలందరూ చేరారు. నీళ్లు కాగాయి, నలుగు కలిపారు. తవిటమ్మ మనవరాలిని కాళ్లమీద వేసుకుంది. చర్మం కింద సన్నటి నరాలు కనిపిస్తున్నాయి. పిండి ముద్ద చేతిలోకి తీసుకుని, అలాగే ఉండిపోయింది.

“ఏటమ్మా, నీల్లు సల్లారిపోతన్నాయి,” అంది గవరమ్మ.

తవిటమ్మ ముద్దను గిన్నెలో పడేసి చెయ్యి కడుక్కుంది. నీళ్లు పారబోయమంది. ఆచారం తప్పుతున్నావేమని ఒక ముసలమ్మ అడిగితే వినిపించుకోలేదు. పిల్లను మెత్తటి పాతచీర ముక్కలో చుట్టి కూతురి ఒళ్లో పెట్టింది. అప్పుడు కూతురితో అంది.

“నీకంటే ముందు నాకో గుంటడు పుట్టినాడే. ఆడూ ఏడో నెలలోనే. మాయమ్మ నలుగెడతంటే ఒంటిమీద తోలు పిండితోటే వొచ్చీసింది. మూడోనాటికి పోనాడు. దిష్టి అనీసుకున్నాం.”

తనకొక అన్న పుట్టాడని గవరమ్మకు అప్పుడే తెలిసింది.