తూటాల సంచికి బట్ట నేయనంది

దుప్పట్లు కొనడానికి మహారాష్ట్రలోని భివండీ వెళ్లి, గైబీ నగర్‌లో లక్ష్మక్క మరమగ్గాల షెడ్డులో కూర్చున్నాను. సిరిసిల్ల నుంచి వచ్చి స్థిరపడిన మనిషి ఆమె. పెద్ద ఆర్డరు లేక నెల రోజులుగా సగం మగ్గాలు ఆగి ఉన్నాయి. అంతలో ఒక దళారి మందపాటి ఆకుపచ్చ గుడ్డ ముక్క పట్టుకొచ్చాడు. ఏడాదంతా పని ఉంటుందన్నాడు.

"ఇది దేనికి?" అని అడిగింది లక్ష్మక్క.

"సైనికులు తూటాలు పెట్టుకునే సంచులకు అక్కా. తుపాకులతోని బయటి దేశం పోతయ్."

ఏ దేశమో కూడా చెప్పాడు. ఆ పేరు వినగానే ఆమె ముఖం మారిపోయింది. "ఆడ బడుల మీద, దవాఖానల మీద కాలుస్తున్నరు గద తమ్మీ! టీవీల చూస్తలేవా?"

"మనం నేసేది బట్టనే గదా."

ఆమె పనివాళ్ల వైపు తిరిగింది. "ఏమంటరు? నేద్దామా?"

యజమాని అట్లా అడగడం నేనెక్కడా చూడలేదు. ఒక్కరూ సరేననలేదు.

"తీస్కపో తమ్మీ," అందామె.

దళారి వెళ్లగానే షెడ్డంతా ఈలలు! ఆయుధాల సంగతి ప్రభుత్వాలే తేలుస్తాయని ఇన్నాళ్లూ అనుకున్నాను నేను. "ఏడాది పని వదులుకుంటుంటే భయం కాలేదా అక్కా?" అని మగ్గాల మోతలో అరిచాను.

"మస్తయింది! గని గింత సంబురం ఎన్నడు గాలె," అంటూ నా చేయి పట్టుకుని ఊపేసింది.